వాగు మీద తీగల వంతెన

ఆ వాగు మీద ఒకప్పుడు తీగల వంతెన ఉండేది. ఏటా వానలకి కుళ్ళిపోయేది. వానలు వెలిశాక రెండు ఒడ్డుల జంతువులూ కలిసి కొత్తది అల్లుకునేవి. ఇవతలి నుంచి గిజిగాడు ముడులు వేసుకుంటూ వస్తే, అవతలి నుంచి కొండముచ్చు తీగలు పేనుకుంటూ వచ్చేది. ఎగిరే పిట్టకి వంతెనతో పనేముంది? అయినా గిజిగాడు ఒక్క ఏడూ మానలేదు. నడుమ కలిశాక ఇద్దరూ పొద్దు వాలేదాకా కబుర్లాడేవారు.

ఆ వంతెన తన బరువు మోయదని ఏనుగు ఓ పెద్ద మద్దిమాను తెచ్చి వాగుకి అడ్డంగా వేసింది. అందరూ మెచ్చుకున్నారు. తీగల వంతెన కొట్టుకుపోయినా ఎవరూ పట్టించుకోలేదు.

కొన్నేళ్ళకి ఓ పొద్దున ముసలి గిజిగాడు కాలికింద తీగ పెట్టుకుని ఒడ్డున కూర్చుంది.

"ఇంకా తీగలెందుకు తాతా? నా మాను గట్టిగా లేదా?" అంది ఏనుగు.

"గట్టిగానే ఉంది నాయనా. కొండముచ్చు పోయి ఏడాదైందట. అల్లిక ఆగాక, రెక్కలుండీ నేనటు వెళ్ళలేదు. నిన్ననే తెలిసింది."

ఏనుగు తల దించుకుంది. "మాను తీసేయమంటావా?"

"వద్దు, పిల్లలు నడుస్తున్నారు," అని గిజిగాడు తీగ కొసని దాని తొండానికి అందించింది. "ఇది పట్టుకో. అవతల ఎవరున్నారో కేకేసి చూస్తాను."