నడుం కొలత

“ఆయన ఒక్క ముద్ద తిన్నాడని రుజువు చూపించు నాన్నా. ఈ బల్ల మీదే, నీ ఎదురుగానే తినేస్తాను.”

కూతురి గొంతు తెగబోయే దారంలా ఉంది. టైలరు కలానికి మూత పెట్టి, వేలికంటిన సిరాను పాతగుడ్డతో తుడుచుకున్నాడు. పదకొండు రోజులుగా ఇదే పేచీ. పదకొండు రోజులుగా ఆ పిల్ల మంచినీళ్ల మీదే ఉంది. పొద్దున్నే డాబా మీద ఎండలో కూర్చుని, అదే ఫలహారమంటోంది. నిన్న మెట్లు దిగుతూ రెండుసార్లు గోడ పట్టుకుంది. అతను చూడనట్టే ఊరుకున్నాడు. చూశాడని తెలిస్తే ఇక ఆ మెట్ల దగ్గరికే రానివ్వదు.

“డాక్టరుగారు ఏమన్నారో విన్నావుగా,” అన్నాడు.

“విన్నాను. ఆయనకి జబ్బులు తప్ప ఏం తెలుసు?”

“పోనీలే, అవైనా తెలుసు.”

ఆమె నవ్వబోయి ఊరుకుంది. నవ్వడానికీ ఓపిక ఉండాలి.

ఊళ్లో అందరూ ‘వెలుగాయన’ అని పిలిచే పెద్దమనిషి ప్రతి ఆదివారం హాల్లో ప్రసంగిస్తాడు. మనిషికి వెలుగు చాలట, తిండి ఒట్టి అలవాటట. తాను నలభై రోజులకు పైగా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదట. నిండు గడ్డంతో, మెడ నుంచి మడమల దాకా జారే తెల్లటి అంగీతో ఆయన వేదిక మీద దిట్టంగా కూర్చుంటే, నమ్మకపోవడం కష్టమే. ఆ అంగీలు కుట్టేది ఈ టైలరే.

“నువ్వు మాత్రం చూళ్లేదా?” అంది కూతురు. “అన్ని రోజులు తిండి లేకపోతే నీలాంటివాడు పుల్లయిపోడూ? ఆయన భుజాలు చూడు, పొట్ట చూడు. అది చూసే కదా నేను మొదలుపెట్టింది.”

ఆ చివరి మాట వచ్చినప్పుడల్లా టైలరు ఏదో ఒక పని వెతుక్కుంటాడు. కత్తెర తీసి, మళ్లీ ఉన్నచోటే పెట్టాడు.

“నువ్వు నాలుగో వరసలోంచి చూశావు. నేను టేపు పెట్టి చూస్తాను.”

“చూస్తే?”

“ఎవరికీ చెప్పనని ఆయనకు మాటిచ్చాను.”

ప్రతి బుధవారం మధ్యాహ్నం, షట్టరు సగం దించాక, వెలుగాయన వెనక తలుపు నుంచి వస్తాడు. ఉన్నవి మూడు మెట్లే. అవి ఎక్కేసరికే రొప్పుతాడు. స్టూలు మీద కూలబడి, చాలాసేపటికి గానీ కొలతకు చేతులెత్తడు. “బయటికి పొక్కనివ్వకు నాయనా,” అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా టైలరుకు కోపం రావాలి. జాలి వస్తుంది.

కూతురు తుమ్మింది. మూలనున్న మూటలోంచి దూది పింజలు గాల్లో తేలుతున్నాయి.

“పరుపుల పని కూడా పెట్టుకున్నావా? ఎటు చూసినా దూదే.”

“ఏ పనొస్తే అది,” అంటూ కొలతల పుస్తకం ఆమె ముందుకు తోశాడు. “ఇదిగో, మాట తప్పుతున్నాను. చూడు.”

ఆమె తలెత్తింది. ఆ పుస్తకం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పెళ్లికొడుకులు పొట్ట లోపలికి బిగపట్టినా, బ్యాంకు మేనేజరు బతిమాలినా, అందులో పావంగుళం అటూ ఇటూ రాసిన పాపాన పోలేదు నాన్న. దాని మీద ప్రమాణం చేస్తే కోర్టులో కూడా ఒప్పుకుంటారని అమ్మ వెక్కిరించేది.

“మెల్లగా తిప్పు. కుట్టు వదులైంది, కాగితాలు ఊడొస్తాయి.”

తరచూ కుట్టించుకునేవాళ్లకు అందులో తలో పేజీ ఉంటుంది. వెలుగాయన పేజీలో ఆరు బుధవారాల తేదీలు, వాటికెదురుగా నడుం కొలతలు. ఆమె వేలు పెట్టి చదివింది.

“ముప్పై నాలుగు. ముప్పై నాలుగున్నర. ముప్పై అయిదు...” వేలు కిందికి జారి ఆగింది. “నిన్నటిది ముప్పై ఎనిమిదా?”

“వెలుగు బాగా ఒంటబట్టినట్టుంది.”

ఆమె నవ్వలేదు. చాలాసేపు ఆ అంకె మీదే వేలుంచింది.

“నీళ్ల మీద ఉన్నవాడు నాలుగంగుళాలు పెరుగుతాడా నాన్నా?”

“నువ్వే చెప్పు.”

“దొంగ,” అంది నెమ్మదిగా. “పదకొండు రోజులు నన్ను...” మిగతాది మింగేసింది. కళ్లు తుడుచుకుని అడిగింది: “తినడానికి ఏముంది?”

ఇస్త్రీపెట్టె పక్కన, రెండుసార్లు వేడిచేసి మూతపెట్టిన గిన్నె ఉంది. పాలలో నానిన రొట్టె. డాక్టరు చెప్పినట్టే చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టాడు. మూడో చెంచాకి ఆమె ముక్కు ఎగబీల్చి, “చక్కెర తక్కువైంది,” అంది. ఆరేళ్లప్పుడూ ఇదే ఫిర్యాదు. భార్య పోయాక ఆ గదిలో అతను అంత మంచి మాట వినలేదు.

ఆమె బల్ల మీదే నిద్రపోయాక, షట్టరు దగ్గరికి వెళ్లి డాక్టరుకు ఫోను చేశాడు.

“తిందా?”

“అయిదు చెంచాలు.”

“చాలు. ఒక్కసారే ఎక్కువ పెట్టకండి. సాయంత్రం నేనొచ్చి చూస్తాను.”

“ముందు మీరు వెలుగాయన ఇంటికి వెళ్లాలండీ. ఇప్పుడే. అంబులెన్సు కూడా తీసుకెళ్లండి.”

డాక్టరు పెద్దగా నవ్వాడు. “ఆయనకేమైంది, అజీర్తా? మొన్న ఆదివారం చూశాగా, గుండ్రాయిలా ఉన్నాడు.”

టైలరు చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి విప్పాడు. దాని ఒక అంచున, పుస్తకం కుట్టు దగ్గర చింపిన గుర్తు ఉంది.

“నిన్నటికి నడుం ఇరవై ఆరండీ, మిగతాదంతా నేను కుట్టిన దూది.”