జీపు మీద పరుపు

"ఆ కుర్సీలు దించీ సూరీ. అప్ప పరుపుకి సోటు సాల్దు" అన్నాడు శరత్ చంద్ర కింద నుంచి.

జీపు టాపు మీద, క్యారియర్ పట్టుకుని నిలబడ్డ సూర్యకుమారికి ఒళ్ళు మండింది. సముద్రం ఒడ్డున గుడారం వేసినప్పుడల్లా మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చునే మడత కుర్చీలవి.

"కుర్సీలు దించితే మనమెక్కడ కూకుంటాం బావా?"

"ఇసకలో కూకుంటే అరిగిపోతామేటి?"

సొంత మేనమామ కూతురు కావడంతో పెళ్ళయి ఇన్నేళ్ళయినా అతన్ని బావా అనే పిలుస్తుంది. చిన్నప్పుడు అతనికి దాహం వేస్తే చెంబుతో పరుగెత్తింది ఆమే. బావకి కావలసిందేదైనా తన చేతి మీదుగానే అందాలి. సూర్యకుమారికి ఉన్న పంతం అదొక్కటే.

ఆ పంతానికి ఇప్పుడు ప్రసూన అడ్డొచ్చింది. ప్రసూన శరత్ చంద్రకి అక్క, అతను 'అప్ప' అని పిలిచేది ఆవిడనే. విశాఖలో కాపురం. ఎప్పుడో ఓసారి తొంగి చూసి పోయే మనిషి, ఈసారి పెద్ద సూట్‌కేసుతో నందిగాంలో దిగి తిష్ట వేసింది. నెలల తరబడి షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతున్న జీపు ఆవిడ రాగానే బయటికొచ్చింది. పెళ్ళాం ఎన్నిసార్లు అడిగినా ఓపిక లేదన్నవాడు, అక్క మొహం చూడగానే గుడారం దులిపాడు!

సామాను ఎక్కించడానికి ఒక పద్ధతుంది. బరువులన్నీ బండి లోపల, కింద. తేలికవి టాపు మీద. అటూ ఇటూ అయితే ఇసకలో మలుపు తిప్పినప్పుడు బండి పల్టీ కొడుతుంది. ఇదివరకు పైకెక్కి తాళ్ళు బిగించేది శరత్ చంద్రే. సూర్యకుమారి కింద నుంచి అందించేది. ఇవాళ దొరగారు నడుం మీద చేతులేసుకుని కింద నిలబడ్డారు. పెళ్ళామే కొంగు బిగించి పైకెక్కింది.

కుర్చీలు దించింది. పరుపు చుట్టి పెట్టింది. దాని మీద టార్పాలిన్ కప్పి, కసి కొద్దీ తాడు లాగి కట్టింది.

ఇంతలో ప్రసూన వంగి నీళ్ళ క్యాను మీద చెయ్యి వేసింది.

"అప్పా! ముట్టుకోకు!" శరత్ చంద్ర అరిచిన అరుపుకి వీధిలో కోళ్ళు చెదిరిపోయాయి. "నువ్వు బరువులెత్తకూడదు. సూరి ఎత్తుతాది."

సూరి దిగింది. ఒక్కో క్యానూ ఎత్తి లోపల పెట్టింది. ఒక్కరు చెయ్యి వేస్తే ఒట్టు.

ముందు సీటు కూడా అక్కగారికే. బెల్టు స్వయంగా తమ్ముడే పెట్టాడు. సూర్యకుమారి వెనకాల క్యాన్ల మధ్య ఇరుక్కుంది. గట్లూ గోతులూ లెక్కచెయ్యకుండా జీపుని దూకించే మనిషి, ఇవాళ గుడ్లబుట్ట మోస్తున్నట్టు నడిపాడు.

రావివలసలో ఎండల మల్లన్న గుడి దగ్గర ఆగారు. పూజారి గోత్రం అడగ్గానే శరత్ చంద్ర అక్క పేరూ, ఆవిడ అత్తింటి గోత్రమూ చెప్పాడు.

"మనవి కూడా సెప్పు బావా" అంది సూర్యకుమారి, మోచేత్తో పొడిచి.

"ముందు అప్ప పేరు మీద అవ్వనీ."

ఆమె దణ్ణం పెట్టింది గాని దేవుడితో కూడా మాట్లాడబుద్ధి కాలేదు.

మధ్యాహ్నానికి సముద్రం చేరారు. సరుగుడు తోటలో నీడ చూసి పరుపు పరిచారు. దాని మీద ప్రసూన కూర్చుంది. శరత్ చంద్ర ఎక్కడి నుంచో ఒకే ఒక్క కొబ్బరి బొండాం కొట్టించుకుని వచ్చాడు. తను గుక్కైనా తాగలేదు. సూర్యకుమారి వైపు చూడనైనా లేదు. "తాగీ అప్పా, సలవ సేత్తాది" అంటూ అక్క చేతిలో పెట్టి, గుడారం మేకులు వెతుక్కుంటూ జీపు వైపు వెళ్ళాడు.

సూర్యకుమారి మొహం అటు తిప్పుకుంది.

"ఇలా వచ్చి కూకో సూరీ" ప్రసూన పరుపు మీద జరిగి చోటిచ్చింది.

"వద్దొదినా. నాకు ఇసకే బాగుంది."

"నా మీద కోపమేటే?"

"కోపం కాదు."

"మరేటి?"

"కుళ్ళు." దాచుకోవాలని కూడా అనిపించలేదామెకి. "నిన్ను సూత్తంటే కడుపు రగిలిపోతంది ఒదినా. బావకి నానంటూ ఒకదాన్ని ఉండగా, నిన్ను నెత్తిన పెట్టుకుని తిరుగుతన్నాడు. పెళ్ళాన్ని నానా, నువ్వా?"

ప్రసూనకి కోపం రాలేదు. బొండాం పక్కన పెట్టి మరదలి చెయ్యి పట్టుకుంది.

"పెళ్ళానివి నువ్వేనే పిచ్చిదానా. నాలుగు దినాలు పోతే నా దారిన నేను పోతాను. ఆడి పక్కనుండేది నువ్వే గదా."

"పక్కనుండి ఏటి లాభం?" సూర్యకుమారి చెయ్యి విడిపించుకుంది. "ఆయనకి కావలసింది నా దగ్గర లేకపోయాక!"

జీపు దగ్గర నుంచి శరత్ చంద్ర మేకులతో మెల్లగా నడిచి వస్తున్నాడు. మధ్యలో ఓసారి ఆగి, సరుగుడు చెట్టుకి చేరబడి, ఊపిరి తీసుకుని మళ్ళీ బయల్దేరాడు.

సూర్యకుమారి గబుక్కున లేచి ఎదురెళ్ళింది. మేకులు లాక్కుంది.

"ఇవైనా నా సేతికియ్యి" అంది.

వచ్చే వారం విశాఖ ఆసుపత్రిలో శరత్ చంద్రకి అమర్చబోయే కిడ్నీ ప్రసూనది. అందరికంటే ముందు ఇస్తానని వెళ్ళిన సూర్యకుమారిది సరిపోలేదన్నారు డాక్టర్లు.