ఆరేదాకా ఆగాలి

“పెళ్ళి పెట్టుకుని ఇంజను విప్పుకు కూర్చున్నవాళ్ళని ఎక్కడా చూడలేదు నాన్నా!”

కొత్త చీర కుచ్చిళ్ళు నేలకు తగలకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, అమ్ములు షెడ్డు గుమ్మంలో నిలబడింది. లోపల ఆమె తండ్రి, అందరి బళ్ళూ బాగుచేసే మేస్త్రి, సొంత కారు బానెట్ కింద నడుందాకా దూరిపోయి ఉన్నాడు.

“నిన్న సాయంత్రం నుంచీ ఉస్సుమంటోంది తల్లీ. ఎక్కడో గాలి పీలుస్తోంది. దారిలో ఆగిపోతే పరువేం కాను? అయిపోవచ్చిందిలే.”

అయిపోవచ్చిందన్న మాట పొద్దుట్నుంచీ వింటూనే ఉంది. ఇంజను నెత్తిన కూర్చుని లోపలికి గాలి పంచాల్సిన మానిఫోల్డ్ ఇంకా బల్ల మీదే ఉంది.

“రిజిస్ట్రారు పదకొండింటికల్లా రమ్మన్నారు. స్నానమైనా కాలేదు నీకు!” అంటూనే అతని చెవి మీది మసి కొంగుకు అంటకుండా గుడ్డముక్కతో తుడిచింది. “ఇదే ఆఖరు. రేపట్నుంచి నిన్ను కసిరే పని నాది కాదు.”

మేస్త్రి నవ్వబోయి తల తిప్పేసుకున్నాడు. అమ్మ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ళు ఇద్దరే. ఈ పెళ్ళికి తండ్రిని ఒప్పించేసరికి అమ్ములుకి తలప్రాణం తోకకొచ్చింది. నలుగురూ ఏమనుకుంటారన్నాడు, తొందరేముందన్నాడు, అన్నం మానేశాడు. చివరికి ఒకరోజు తలుపు చాటు నుంచి “సరే, నీ ఇష్టం” అన్నాడు.

“మేస్త్రిగారూ, ఏం పూస్తున్నారు?”

వీధి చివర స్పేర్ పార్టుల షాపు నడిపే ఆవిడ లోపలికొచ్చింది. చిన్నప్పటి నుంచీ అమ్ములు ఆవిడను అత్తా అనే పిలుస్తుంది. ఆవిడా పెళ్ళికే తయారై వచ్చింది. చేతిలో మాత్రం ఒక ట్యూబు ఉంది.

మేస్త్రి దొంగలా ఎర్ర గమ్ము ట్యూబు వెనక్కి దాచాడు. “ఇదా... సీలెంటే. ఎంత వేడికైనా తట్టుకుంటుంది.”

“వేడికి తట్టుకుంటుంది సరే, నూనెకి తట్టుకుంటుందా? అది పొగగొట్టం దగ్గర పూసేది. ఇదిగో, దీనికైతే నూనే, కూలెంటు నీళ్ళూ రెండూ పడతాయి.”

“ఎర్రదే నాలుగు చుట్లు దట్టంగా పూస్తే పోలా?”

“పూయండి! లోపలికి ఉబ్బి, తెగి, నూనె దారికి అడ్డం పడుతుంది. అప్పుడు ఇంజనుకే ఎసరు. రబ్బరు గ్యాస్కెట్లు పొడిగానే కూర్చోబెట్టండి. గమ్ము ముందూ వెనకా అంచుల్లో సన్నటి గీత, ఆ మూలల్లో ఒక్కో బొట్టు. అంతే.”

“షాపుతోపాటు షెడ్డూ మీదేనా?” అని గొణుగుతూనే మేస్త్రి ట్యూబు అందుకున్నాడు. దాని మీద రాసింది చదివి నీరుగారిపోయాడు. “రేపటిదాకా ఆరాలట! కారెలా తీయను?”

“తీయకండి.”

“పెళ్ళివాళ్ళు బస్సులో వెళ్తారా? ఎర్రదే పూసేస్తాను. ఇవాళ్టికి లాగిస్తే చాలు.”

“ఇవాళ్టికి లాగిస్తే చాలనుకుని మొదలెట్టిన పనేదీ నిలవదు” అంది ఆవిడ నెమ్మదిగా. “బస్సులో వెళ్తే పెళ్ళి కాకుండా పోతుందా?”

మేస్త్రి ఆమె వంక చూశాడు. ఎర్ర ట్యూబు చెత్తబుట్టలో పడేశాడు. పాత గమ్మంతా గీకి, అంచులు ఆరబెట్టి, ఆవిడ చెప్పినట్టే సన్నగా గీత గీశాడు. ఆవిడ వేలితో చూపిన మూలల్లో బొట్లు పెట్టాడు. మానిఫోల్డ్ దిమ్మను ఇద్దరూ చెరోవైపు పట్టుకుని తిన్నగా దించారు. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి వరసగా బిగించాడు. గమ్ము సమంగా అంచుకు పొంగింది.

“చూశారా!” అంది ఆవిడ.

“చూశాను లెండి” అన్నాడు మేస్త్రి, కారే స్టార్టయినంత సంబరంగా.

అతను స్నానం చేసి వచ్చేసరికి బస్సు కదిలిపోతోంది. ముగ్గురూ నవ్వుకుంటూ పరుగెత్తి ఎక్కారు. కండక్టరు వాళ్ళ వాలకం చూసి, ఎవరినో లేపి మరీ సీట్లిప్పించాడు. మేస్త్రి గోళ్ళలో మసి పోలేదని ఆవిడ, షాపుకి తాళం వేశారా అని అతను, దిగేదాకా ఒకటే గొడవ. వింటున్న అమ్ములుకి నవ్వాగలేదు.

రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తా తలెత్తి ముగ్గురినీ చూశాడు. కొత్త చీరలో మెరిసిపోతున్న అమ్ములు ముందుకు పెన్ను జరిపాడు.

“పెళ్ళికూతురివి నువ్వేగా? సంతకం పెట్టమ్మా. పెళ్ళికొడుకు ఇంకా రాలేదా?”

అమ్ములు వెనక్కి తిరిగి, గోడవారన బిక్కమొహాలేసుకుని నిలబడ్డ ఇద్దరినీ చూసి పకపకా నవ్వేసింది.

“నేను సాక్షినండీ, పెళ్ళి వీళ్ళిద్దరిది.”