రాజమండ్రి జ్వరం

“ఇంజన్ ఆయిల్ నూటపన్నెండు డిగ్రీలు దాటింది మాలతీ. వెనక్కి తిప్పేస్తున్నా,” అన్నాడు వీరేంద్ర. రాయపూర్‌లో లేచిన అతని చిన్న విమానం అప్పటికి పక్కనే ఉన్న అభన్‌పూర్ కూడా దాటలేదు.

పక్క సీట్లో భార్య నవ్వింది. “ఇది మూడోసారి. నాగపూర్ వెళ్లేటప్పుడు దీని ఒళ్లు చల్లగానే ఉంటుంది. రాజమండ్రిలో మా నాన్న దగ్గరికంటేనే జ్వరం!”

“అరె, ఇంజన్‌కి మీ నాన్నెవరో ఏం తెలుసు?”

“దానికి తెలీదు, మీకు తెలుసు. నాగపూర్‌కైతే మెల్లగా ఎక్కిస్తారు. ఇటు వచ్చేసరికి ముక్కు ఆకాశానికెత్తి, ఇంజన్‌కి గాలి తగలనివ్వరు. ఉర్లా పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ నడిపే మనిషికి నేను చెప్పాలా? బహానాలు చాలు, ముక్కు కాస్త దించండి.”

వాదించబోయి, దించాడు. విమానం వేగం అందుకుంది. ఐదు నిమిషాల్లో ముల్లు తొంభైఐదుకి దిగి, ఆకుపచ్చ గీత మీద బుద్ధిగా కూర్చుంది.

ఇక సాకు లేదు. రెండేళ్ల కిందట గృహప్రవేశంలో, “ఎందుకయ్యా నీకీ విమానం?” అన్న మామగారిని అందరి ముందూ, “గూడ్సుబండి గార్డుకి ఏం తెలుస్తుందిలెండి,” అన్నాడు. మళ్లీ ఆయన మొహం చూడలేదు.

“నాన్న పొద్దుటినుంచీ ఎయిర్‌పోర్టు గేటు దగ్గరే ఉన్నారట,” అంది మాలతి. “పాత పచ్చజెండా తెచ్చుకున్నారట, అల్లుడి బండికి ఊపడానికి.”

వీరేంద్ర నుదుటి చెమట చూసి ఆమె రుమాలు అందించింది.

“ఇంజన్‌కి తగ్గింది. మీకే ఇంకా తగ్గలేదు.”