నల్లగుడ్డ మీద కోతలు

గులకరాళ్లు పక్కకి తోస్తే నల్లగుడ్డ మీద జానెడు కోత కనిపించింది. అందులోంచి గంగపాయల మొక్క బొద్దుగా పైకొచ్చి ఉంది.

అతను గొంతుక్కూర్చుని కోత అంచుని వేలితో తడిమాడు. నెల కిందటే ఇంటిముందు పూలమళ్లన్నిటిలో కలుపు రాకుండా ఈ గుడ్డ తనే పరిచాడు. అతుకుల దగ్గర బెత్తెడు మేర ఒకదాని మీదికి ఒకటి లాగి, ఇనుప కొక్కేలు దిగ్గొట్టి, పైన రాళ్లు పోశాడు. ఆ సాయంత్రమే తోటమాలికి ఇక రానక్కర్లేదని చెప్పేశాడు. నిజానికి అతను ఏరేయాలనుకున్నది కలుపుని కాదు. మంగళ, శుక్రవారాల్లో వచ్చే ఆ ముప్పయ్యేళ్ల మనిషి మాటలకి తన భార్య ఎందుకంత నవ్వుతుందో అతనికి అంతుపట్టలేదు.

ఇప్పుడు కలుపు మళ్లీ వచ్చింది. తోటమాలిని పిలవమని భార్య వారం రోజులుగా పోరుతోంది. సరే, ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెడితే తేలిపోతుందనుకున్నాడు. తోటమాలిని ఈరోజు రమ్మని కబురు పెట్టాడు. అతనొచ్చే రోజుల్లో ఎప్పుడూ చేసినట్టే తలనొప్పి అని చెప్పి ఆఫీసు నుంచి మూడింటికే వచ్చేశాడు.

పక్కనే నిలబడ్డ తోటమాలి వంగి చూసి పెదవి విరిచాడు.

“తుంగైతే గుడ్డని పొడుచుకుని వస్తుంది సార్. సూది గుచ్చినంత బెజ్జమే ఉంటుంది. గంగపాయలకి అంత వాడి ఎక్కడిది? ఇది కత్తెర పని.”

“ఎవరి కత్తెరో?”

“నన్నడిగితే ఏం చెప్పను? నెల్లాళ్లుగా నేనీ గేటు దాటలేదు కదా.”

అది నిజమే. నిజం కాబట్టే ఇంకా మండింది. మిగతా మళ్లలో కూడా రాళ్లు ఎత్తి చూశాడు. మొత్తం ఏడు కోతలు. అన్నీ ఒకే పొడవు, తొందరేమీ లేని చేత్తో కోసినట్టు తిన్నగా ఉన్నాయి.

వంటింట్లో భార్య టీ వడపోస్తోంది. మొదటి కప్పు తోటమాలికి పక్కన పెట్టడం అతను చూశాడు.

“బయట గుడ్డ ఎవరు కోశారు?”

“నేనే,” అంది తడుముకోకుండా.

ఇన్నాళ్లూ వెతికింది దొరికింది. దొరికాక దాన్నేం చేసుకోవాలో తోచలేదు. ఆమె ఏడుస్తుందనో, బొంకుతుందనో అనుకున్నాడు గానీ ఇలా ఒప్పుకుంటుందని ఊహించలేదు. ఇక ఈ కాపురంలో ఏం మిగిలిందన్న ప్రశ్న ఒకటే అతనికి మిగిలింది.

“వాడు రాకపోతే అంత గడవడం లేదా నీకు?”

ఆమె స్టవ్ ఆపి అతని వైపు తిరిగింది.

“అతనొచ్చే రోజుల్లో తప్ప మీరెప్పుడైనా వెలుతురుండగా ఇంటికొచ్చారా?”