ఒక గొడుగు, రెండు ఓట్లు

“బాబాయ్ అడిగితే అసలు ఓటే వేయలేదని చెప్పు. ప్లీజ్ హర్షా!” వంకాయలు మగ్గుతున్న మూకుడు మీద మూతపెట్టి, భర్త చెవిలో గుసగుసలాడింది ఉజ్వల.

“మొదటిసారి ఇంటికొచ్చిన మావయ్యగారితో అబద్ధమా?”

“నిజం చెప్పేసి లక్ష్మీపతి అంకుల్ పక్కన చేరతావా మరి?”

హర్షవర్ధన్ గ్లాసులు తీసుకుని టేబుల్ వైపు నడిచాడు.

లక్ష్మీపతి సంగతి పిన్ని ఫోన్‌లో చెప్పింది. లెస్టర్‌లో ఆయనది బాబాయ్ పక్కిల్లు. ఇరవయ్యేళ్ళ స్నేహం. బ్రిటన్ యూరప్‌తో కలిసి ఉండాలా, విడిపోవాలా అని ఓటింగ్ పెట్టిన రోజున ఇద్దరూ ఒకే గొడుగులో వెళ్ళి ఓటు వేసొచ్చారు. ఒకరు రిమైన్ అన్నారు, ఒకరు లీవ్ అన్నారు. ఆ మర్నాటి నుంచి తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఆ ఊసు బాబాయ్ ముందు ఎత్తొద్దని పిన్ని మరీ మరీ చెప్పింది.

చిక్కేమిటంటే, ఆ ఏడాది హర్ష కోవెంట్రీలో మాస్టర్స్ చదువుతున్నాడు. కామన్వెల్త్ దేశం కాబట్టి మన దేశంవాళ్ళకి కూడా అక్కడ ఆ ఓటు ఉండేది. అతనూ వేశాడు. లీవ్‌కి.

తండ్రి లేని ఉజ్వలకు పుట్టింటి పెద్ద దిక్కు ధర్మారావు బాబాయే. ఆర్నెల్ల క్రితం పెళ్ళికి రాలేకపోయాడు. సరిగ్గా ఆ వారమే ఆయన తన రెస్టారెంట్‌కి తాళం వేశాడు. ఇప్పుడు అల్లుణ్ణి చూడ్డానికని అమెరికాలో ఈ నోవైదాకా వచ్చాడు. ఈ ఇంటికి ఆయనే మొదటి చుట్టం. కొత్త కంచాల అడుగున స్టిక్కర్లు గోటితో గీకుతుంటే కూడా పొద్దుట్నుంచి ఉజ్వలకు పండగలాగే ఉంది. ఆ పండగ ఒక్క ప్రశ్నతో పాడైపోతే? ఉన్న ఒక్క బాబాయ్ హర్షతో మాట్లాడ్డం మానేస్తే?

తలుపు తెరుచుకుంది. డ్రైవ్‌వేలో మంచు తోసి, ఎర్రబడ్డ ముక్కుతో లోపలికొచ్చాడు ధర్మారావు.

“బాబాయ్! నువ్వెందుకు తోశావ్?”

“ఊరికే కూర్చోలేనమ్మా. పక్కింటివాళ్ళ చెత్తడబ్బా కూడా లోపల పెట్టేశా. అక్కడ ఈ పని మా లక్ష్మీపతిది. మాటల్లేకపోయినా ప్రతి గురువారం మా డబ్బా వాడే రోడ్డు మీద పెడతాడు. ఈ తొమ్మిదేళ్ళలో ఒక్క వారం తప్పలేదు.”

చేసిన తప్పు దిద్దుకోవాలని కాబోలు, పాపం, అనుకుంది ఉజ్వల. “మరి మాట్లాడొచ్చుగా బాబాయ్?”

“వాడి మొహం చూళ్ళేనమ్మా,” అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర బాగానే మొదలైంది. వంకాయ కూర రెండోసారి వడ్డించుకుంటూ, “పొద్దున స్టోర్‌లో చూశాను,” అన్నాడు ధర్మారావు. “గుడ్లు, నూనె, కాఫీ పొడి, ఇక్కడా అన్నీ మండిపోతున్నాయే! మీరు దేన్నుంచి విడిపోయారు బాబూ?”

హర్షకు నవ్వొచ్చి పొలమారింది. ఉజ్వల అతని నెత్తిమీద తట్టింది.

“నవ్వులాటకన్నాను గానీ, మా అవస్థ చెప్పుకోలేం. వంటవాళ్ళు దొరకరు. సరుకు టైముకి రాదు. మెనూలో రేట్లు పెంచితే జనం రారు, పెంచకపోతే మనం మిగలం. తినడానికొచ్చిన ప్రతివాడూ కౌంటర్ దగ్గర నిలబడి, ఆ లీవ్ ఓటేసిన వెధవెవడో అని తిట్టేవాడు. నేను తలూపేవాణ్ణి.” మంచినీళ్ళు తాగి గ్లాసు దించాడు. “అన్నట్టు, ఆ ఏడు మీరు కోవెంట్రీలోనే కదూ? ఓటు వేశారా?”

ఉజ్వల బల్ల కింద భర్త కాలు తన్నబోయి, వాళ్ళిద్దరూ స్వయంగా బిగించిన బల్ల కోడును తన్నింది. పప్పుచారు గిన్నె ఊగి టేబుల్ మీద ఒలికింది.

హర్ష ఆ చారు వంకే చూస్తూ, “వేశానండీ. లీవ్‌కి,” అన్నాడు.

“ఎందుకు?”

“యూరప్‌వాళ్ళు రావడం ఆగితే మనవాళ్ళకి వీసాలు బాగా ఇస్తారని రూమ్మేట్స్ అన్నారు. నమ్మేశాను. మర్నాడు రిజల్ట్ చూశాక అన్నం సహించలేదు. ఆ వీసాలూ రాలేదు, నేను ఇటొచ్చేశాను. ఉజ్వలకి తప్ప ఎవ్వరికీ చెప్పలేదు. సారీ మావయ్యగారూ.”

ధర్మారావు అల్లుడి మొహంలోకి చూశాడు. అన్నం సగంలో వదిలేసి లేచాడు. చెయ్యి కడుక్కుని, కోటు తొడుక్కుని, ఫోన్ తీసుకుని వెనకవైపు డెక్ మీదికి వెళ్ళిపోయాడు.

“అయిపోయింది. టికెట్ ముందుకు జరుపుకుంటున్నాడు,” అంది ఉజ్వల.

“ఆయన ఎదురుగా కూర్చుని అబద్ధం చెప్పలేకపోయానే, ఉజ్జీ.”

తిట్టాలనుకుంది. కానీ మెతుకులంటిన చేత్తో, పరీక్ష తప్పిన పిల్లాడిలా కూర్చున్న మొగుణ్ణి చూస్తే తిట్టు రాలేదు. ఇతన్నే కదా చేసుకున్నాను, అని ఆ దిగుల్లోనే కాస్త గర్వపడింది కూడా.

గాజు తలుపు అవతల బాబాయ్ మాట్లాడుతున్నాడు. ఆగాడు. మఫ్లర్‌తో కళ్ళు తుడుచుకున్నాడు. ఉన్నట్టుండి, భుజాలు అదిరేలా నవ్వాడు.

లోపలికొచ్చి మళ్ళీ అదే కంచం ముందు కూర్చున్నాడు. “పెరుగు తేమ్మా, ఆకలేస్తోంది. లక్ష్మీపతితో మాట్లాడాను.”

ఉజ్వలకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంకుల్‌కే దారి దొరికితే హర్షకు దొరకదా! “తొమ్మిదేళ్ళ తర్వాతా! అయితే అంకుల్‌ని క్షమించేశావా బాబాయ్?”

ధర్మారావు అల్లుడి కంచంలో స్వయంగా ఓ వంకాయ వేశాడు.

“క్షమించాల్సింది వాడమ్మా,” అన్నాడు. “లీవ్‌కి వేసింది నేను.”