అమ్మవారి చిటికెన వేలు

పొద్దున్నే శిల్పాల షెడ్డులో విగ్రహం మీది గోనెపట్టా తీసిన భవాని కొయ్యబారిపోయింది. అమ్మవారి అభయహస్తానికి చిటికెన వేలు లేదు.

రేపే విగ్రహం తీసుకెళ్లడానికి కోయిలకుంట్ల గుడివాళ్లు వస్తారు. విరిగిన విగ్రహాన్ని ఏ గుడీ నిలబెట్టదు.

ఆ షెడ్డు యజమాని రామయ్య ఆళ్లగడ్డలో పేరున్న శిల్పి. చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి చూశాడు.

"నిన్న నున్నగా రుద్దింది నువ్వే కదా?"

"నేను పొయ్యేటప్పుడు ఏలు ఉండింది రామయ్యన్నా! నా బిడ్డల మీద ఒట్టు."

"అయితే అమ్మవారే ఇరగ్గొట్టుకుందా? రేపట్నించి పనికి రావాకు."

భవాని ఇంట్లో ముగ్గురికి ఆ కూలే కూడు.

"ఆమె కాదు, నేను" అన్నాడు షెడ్డు మూల కూర్చున్న ముసలాయన. "రాత్రి మీరంతా వెళ్లాక నా సంచి తగిలింది."

పది రోజులుగా నంద్యాల బస్సు దిగి వస్తున్నాడు. అందరినీ ఒకటే అడుగుతాడు: "చెయ్యి చేసిన తప్పు మనిషిదవుతుందా?" పనివాళ్లు ప్రశ్నల తాత అని పేరు పెట్టారు.

రామయ్య ఆ ముసలాయన మీద పడి కొడతాడనుకుంది భవాని. అతను రాతి వైపు తిరిగి, "పో" అన్నాడంతే.

ఆయన సంచి రోడ్డు మీదికి విసిరింది భవానే. "నా నోటికాడి కూడు తీస్తాంటివి గదయ్యా! ఇంగ ఈడ కనపడాకు!"

ఆయన దుమ్ము దులుపుకున్నాడు. అది మొదలు ప్రతి ఆదివారం ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చుని షెడ్డు వైపే చూసేవాడు. భవాని మొహం తిప్పుకునేది.

రెండు నెలలకు రావడం మానేశాడు.

ఆయన బదులు ఒక అమ్మాయి వచ్చింది. ఆమె చేతిలో అదే సంచి.

"నా పేరు గీతాంజలి. బాలసుబ్రహ్మణ్యం సార్ దగ్గర పరిశోధన చేస్తున్నాను. ఈ సంచి ఆయనదే. ఆయన నంద్యాల కాలేజీలో తత్వశాస్త్రం ప్రొఫెసర్."

"ఆ ప్రశ్నల తాత... ప్రొఫెసరా? యాడుండాడు?"

"పోయిన వారం గుండెపోటుతో పోయారమ్మా. నోటు పుస్తకంలో చివరి పేజీ ఈ షెడ్డు గురించే."

గీతాంజలి ఆ పేజీ చదివింది.

"వేలు నా కళ్ల ముందే విరిగింది. పేరు నేను చెబితే, తనంతట తాను చెప్పే అవకాశం ఆయనకు పోతుంది. చెప్పకపోతే ఆ అమ్మాయి పని పోతుంది. అందుకే నేనే అన్నాను. ఆయన చెబుతాడు. అప్పటిదాకా టీ కొట్టు దగ్గర కూర్చుంటాను."

తను సంచి విసిరిన చోటు వైపు చూసింది భవాని. కళ్లు మసకబారాయి.

"ఎవరు తల్లీ... చేసిందెవరు?"

వెనక ఉలి కింద పడిన చప్పుడు. రామయ్య రెండు చేతులూ ముందుకు చాపాడు. అవి ఆకుల్లా వణుకుతున్నాయి.

"ఆ రాత్రి అమ్మవారికి కండ్లు చెక్కుతాంటే సుత్తి జారి ఏలి మీద పడింది భవానీ. చేతులు వణుకుతాండాయని తెలిస్తే నన్ను శిల్పి అనరని బయపడినా. ఇరగ్గొట్టింది ఈ చెయ్యి... నీ మీద మోపింది, ఆయప్పను పొమ్మనింది మాత్రం నేను."